ఆయన వంతు

మార్చి 4, ఆదివారం. 81.6

కొత్త డైరీ. జనవరిలో ఆఫీసులో ఎవరో సాఫ్ట్‌వేర్ అమ్ముకునేవాళ్లు పంచిపెట్టారు, రెండు నెలలుగా డ్రాయర్‌లో పడి ఉంది. ఏడేళ్లుగా బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టే ఉద్యోగం చేస్తున్నదాన్ని. ఏ పనైనా ఎందుకు చేస్తున్నామో మొదటి పేజీలో రాసుకోకపోతే నాకు చెయ్యి ఆడదు. అందుకని రాస్తున్నాను.

ఆయన రెండు కిడ్నీలనూ బీపీ తినేసింది. ఏడాదిన్నరగా సోమ, బుధ, శుక్రవారాలు ఆఫీసు నుంచి నేరుగా డయాలసిస్‌కు వెళ్లి, నాలుగు గంటలు మిషన్ పక్కన కూర్చుని వస్తున్నారు. కిడ్నీ కోసం జాబితాలో పేరుంది కానీ పిలుపు రావడానికి ఏడెనిమిదేళ్లు పడుతుందట. మరిది గంగాధర్‌కు షుగరు, ఇవ్వడానికి వీల్లేదు. నాది ఓ పాజిటివ్, ఆయనకు సరిపోతుంది. నాకు చేసిన పరీక్షలన్నీ పాసయ్యాను, ఒక్క బరువులో తప్ప. నా ఎత్తుకు డెబ్బై ఆరు కిలోలు దాటితే నా కిడ్నీ తియ్యరట. మిగిలిన ఒక్క కిడ్నీ మీద ఆ బరువంతా పడుతుందట.

నవంబరులో ఎనభై తొమ్మిది ఉన్నాను. ఫిబ్రవరి చివరికి ఎనభై ఒకటిన్నరకు వచ్చాను. అన్నం మానేశాను, కాఫీలో చక్కెర మానేశాను, నవ్వడం కూడా మానేశానని నిఖిల అంటోంది. పదమూడేళ్ల పిల్ల, అన్నీ దానికే కావాలి.

నిన్న టోవా పాయోలో భ్రమరాంబ ఆంటీ ఇంట్లో మొదటి శనివారం పూజ. ఆంటీ, విశ్వనాథం అంకుల్ దేశం వదిలి ఈ ఊరు వచ్చి ముప్పై ఏళ్లు. మాకు ఇక్కడ పెద్దదిక్కు వాళ్లే. ఆయన ఆపరేషన్ చల్లగా జరగాలని ఆంటీ ఇరవై ఒక్క శనివారాలు వెంకటేశ్వరస్వామి పూజ మొక్కుకున్నారు, వారానికొకరి ఇంట్లో. మేమిద్దరం పీటల మీద కూర్చోవాలి. చలిమిడి ప్రమిదల్లో నేతి దీపాలు, చక్కెర పొంగలి, పులిహోర. ఆయన ఇవేవీ తినకూడదు. బెల్లం, కొబ్బరి, జీడిపప్పు, అరటిపండు, అన్నిట్లోనూ పొటాషియమే, అది ఎక్కువైతే గుండె ఆగిపోతుందని డాక్టరు బెదిరించాడు. కళ్లకద్దుకుని నా ఆకులో పెట్టేశారు. ప్రసాదం పారెయ్యలేం కదా.

నిన్నటి తిండి: ఉపవాసం. మంచినీళ్లు.

మార్చి 11, ఆదివారం. 81.4

రెండొందల గ్రాములు. దిగడం దిగడమే.

ఈ వారం తిండి: పొద్దున ఓట్స్, మధ్యాహ్నం ఆఫీసు కింద వెజిటేరియన్ స్టాల్‌లో ఉడకబెట్టిన ఆకుకూర, టోఫు, రాత్రి ఒక పుల్కా, దోసకాయ ముక్కలు. శనివారం మంచినీళ్లు.

మార్చి 18, ఆదివారం. 81.6

మళ్లీ ఎక్కింది. బాత్రూం టైల్స్ ఎగుడుదిగుడుగా ఉన్నాయేమోనని వెయిట్ మిషన్‌ను వంటగదిలోకి మార్చాను. అక్కడా అంతే.

మార్చి 21, బుధవారం

నిన్న ఉగాది. పచ్చడి ఆయన నాలుక మీద ఒక చుక్క వేసుకుని సరేననిపించారు. రోజుకు అన్నీ కలిపి ముప్పావు లీటరు నీళ్లు ఆయనకు. సీసా మీద స్కెచ్ పెన్నుతో గీతలు గీసుకుని, ఆఫీసుకు పట్టుకెళ్లి, గీత చూసుకుని గుటక వేస్తారు. ఈ ఊరి ఎండలో, ఈ ఉక్కలో. ఒక్కరోజు కూడా గీత దాటడం నేను చూడలేదు.

మా ఇంట్లో ఇద్దరమూ తూకం మనుషులమే. డయాలసిస్‌కు ముందొకసారి, తర్వాత ఒకసారి ఆయనను తూస్తారు. ఒక్కోసారి రెండున్నర కిలోల నీళ్లు తీసేసి పంపిస్తారు. "నాలుగ్గంటల్లో రెండున్నర కిలోలు! నన్నూ ఆ మిషనెక్కించమనండీ, పుణ్యముంటుంది" అన్నాను. నవ్వారు. నవ్వితే నోరు ఎండిపోతుందని మధ్యలో ఆపేశారు.

ఏప్రిల్ 1, ఆదివారం. 81.5

నెల్లాళ్లు. వంద గ్రాములు.

అంకె కదలకపోతే తప్పు ఎక్కడో ఒకచోట ఉండాలి. ముందు మిషన్‌ను అనుమానించాలి, అది నా వృత్తి ధర్మం. పది కిలోల సోనా మసూరి బస్తా, సీలు విప్పనిది, దాని మీద పెట్టాను. 10.1 చూపించింది. ఆ వంద గ్రాములు సంచిది. మిషన్ మంచిదే. నిఖిల ఫోనులో ఫొటో తీసి, "అమ్మా, ఈవెన్ ద రైస్ ఈజ్ పాసింగ్ లా" అంది. పళ్లు రాలగొడతానన్నాను.

నిన్నటి పూజ బెడోక్‌లో సీతారామారావుగారింట్లో. వాళ్లావిడ వసుంధరగారిది ధారాళమైన చెయ్యి. రవ్వకేసరి చేత్తో ముట్టుకుంటే నెయ్యి వేళ్ల సందుల్లోంచి కారింది. "చక్రధర్‌గారి వంతు కూడా మీరే తీసుకోవాలండీ, ఆయన పేరు మీద చేసింది" అని ఇంకో గరిటె వేసి, స్టీలు డబ్బాలో కూడా పెట్టి ఇచ్చారు. కాదనడానికి లేదు. ప్రసాదం తినకుండా పరుగెత్తిన ఇల్లాలి మొగుడి పడవ ఏమైందో చిన్నప్పటి నుంచి వ్రతకథలో ప్రతి ఏడూ వింటూనే ఉన్నాం. నా మొగుడి పడవ ఇప్పటికే ఒక పక్కకు ఒరిగి ఉంది.

శనివారం: ఉపవాసం. మంచినీళ్లు.

ఏప్రిల్ 8, ఆదివారం. 81.5

కదల్లేదు.

ఏప్రిల్ 13, శుక్రవారం

ఆయన చేతిలో సూదులు గుచ్చే నరం మూసుకుపోయింది. నిన్న ఆస్పత్రికి పరుగెత్తాం. మెడ దగ్గర గొట్టం వేసి డయాలసిస్ చేశారు. తెల్లటి పట్టీ వేసుకుని మంచం మీద లాప్‌టాప్ పెట్టుకుని ఎవరికో మెయిల్ చేస్తున్నారు, ఆదివారం సిస్టం మార్పు ఉందట. అలాంటి మనిషి.

డాక్టరు నన్ను బయటకు పిలిచి చెప్పాడు. గుండె అలసిపోతోందట. ఆగస్టు ఇరవై రెండున ఆపరేషన్‌కు తేదీ వేసి ఉంచుతాడట, జూలై ముప్పైన నన్ను తూస్తారట. ఆ రోజుకు డెబ్బై ఆరు లోపు లేకపోతే ఆ తేదీ వేరొకరికి పోతుంది, మళ్లీ ఎప్పుడో తెలియదు. నా పొట్ట బొమ్మ గీసి, ఎక్కడెక్కడ కోస్తారో కూడా మళ్లీ చూపించాడు. నాకేం భయం లేదు. నాకు ఆలస్యమే భయం.

తర్వాత డైటీషియన్ మిస్ టాన్ దగ్గర కూర్చున్నాను. చీపురుపుల్లంత ఉంటుంది. నా చార్టు తిప్పి తిప్పి చూసింది. "మేడమ్, మీరు నిజంగా ఇంతే తింటుంటే తగ్గాలి. నోట్లోకి వెళ్లే ప్రతిదీ రాయండి" అంది. రాస్తున్నానుగా! అబద్ధం చెబుతున్నానంటుందా? ఈ పిల్ల పుట్టకముందు నుంచి నేను నిజాలు రాస్తున్నాను. రైల్లో మా స్టేషన్ బుకిట్ పంజాంగ్ వచ్చేదాకా ఆ కోపం చల్లారలేదు.

ఏప్రిల్ 22, ఆదివారం. 81.7

పదహారు అంతస్తులు మెట్లెక్కుతున్నాను, రోజూ రెండుసార్లు. ఆరో అంతస్తు చైనా ఆంటీ జాలిగా చూసి, "లిఫ్ట్ స్పాయిల్ ఆహ్?" అని అడిగింది. లేదాంటీ, స్పాయిల్ అయింది నేనే అన్నాను.

శనివారం: మంచినీళ్లు.

మే 6, ఆదివారం. 81.5

థైరాయిడ్ పరీక్ష చేయించుకున్నాను. నార్మల్. రిపోర్టు చూసి ఏడుపొచ్చింది. ఏదో ఒక జబ్బుంటే నా తప్పు కాదని తేలేది.

ఆయనతో చెప్పాను, మళ్లీ అదే అంకె అని. "పోనీలే" అన్నారు. ఆ పోనీలేలో ఏదో హాయి ఉన్నట్టు అనిపించింది. నా భ్రమ అయి ఉంటుంది.

నాకేం భయం లేదు.

మే 13, ఆదివారం. 81.6

ఇవాళ నిఖిల మీద చెయ్యెత్తాను. కొట్టలేదు. కొట్టినంత పని చేశాను.

నా తిండి చార్టును కంప్యూటర్లో ఎక్కించి పెట్టమని దానికి చెప్పాను. మిస్ టాన్‌కు ముద్రించి ఇచ్చి, ఇదిగో చూసుకో అని ఆమె ముక్కు మీద పెడదామని నా ఆశ. టైపు చేస్తూ చేస్తూ ఆగింది.

"అమ్మా, ఆల్ ద సాటర్‌డేస్ యు రోట్ వాటర్ ఓన్లీ."

"ఉపవాసం కాబట్టి."

"కానీ నిన్న యు ఏట్ వాట్. పులిహోర, పాయసం, దట్ దీపం థింగ్. డాడీ వాటా కూడా. బాక్సులో ఉన్నది పొద్దున తిన్నావు కదా."

"అది ప్రసాదం."

"సో?"

"సో ఏంటే? ప్రసాదం తిండి ఎలా అవుతుంది? దేవుడికి పెట్టినది కళ్లకద్దుకుని తింటాం. అది లెక్కలోకి రాదు."

నా కూతురు నా వంక చూసింది. ఎగతాళి లేదు, అదే నన్ను మండించింది. నెమ్మదిగా, చిన్నపిల్లకు చెప్పినట్టు చెప్పింది. "అమ్మా, గాడ్ నోస్ ఇట్స్ ప్రసాదం. యువర్ టమ్మీ డోంట్ నో లా."

అప్పుడు చెయ్యెత్తాను. అది కళ్లు మూసుకుంది. నేను చెయ్యి దించి, ఏం చెయ్యాలో తెలియక స్టౌ తుడిచాను.

మే 14, సోమవారం

నిఖిల మాట్లాడటం లేదు.

మే 15, మంగళవారం

మధ్యాహ్నం భోజనం టైములో ఆఫీసులోనే లెక్క వేశాను. చలిమిడి ప్రమిద: బియ్యప్పిండి, బెల్లం, అది పీల్చుకున్న నెయ్యి. అలాంటివి రెండు. చక్కెర పొంగలి కప్పున్నర, ఆయన వంతు ఇంకో కప్పు. పులిహోర. అరటిపండు, కొబ్బరిచెక్క. శనివారం సాయంత్రం ఒక్క గంటలో రెండువేల నాలుగొందల కేలరీలు. ఆదివారం, సోమవారం డబ్బాలోది ఇంకో వెయ్యి. నేను వారమంతా కడుపు మాడ్చుకుని, పదహారు అంతస్తులెక్కి మిగిల్చినది సరిగ్గా అంత. కొంచెం అటూ ఇటూ కూడా కాదు.

మొదటి శనివారం పూజ మార్చి మూడున. అంకె ఆగింది ఆ వారం నుంచే. ఇదే డైరీలో, నా చేత్తోనే రాసుంది. ఇలాంటి తప్పును వదిలేసినందుకు ఆఫీసులో ఒక కుర్రదాన్ని పోయిన నెలలో నలుగురిలో కడిగేశాను.

ఇంటికొచ్చి నిఖిలకు సారీ చెప్పాను. "ఓకే" అంది. తర్వాత, "కెన్ ఐ కీప్ ద ఎక్సెల్?" అని అడిగింది. దానికి గర్వంగా ఉంది పాపం.

మే 16, బుధవారం

నిన్న రాసింది పూర్తి నిజం కాదు.

నాకు తెలియదా? నెయ్యి వేళ్ల సందుల్లోంచి కారిందని రాసినదాన్ని, అది కడుపులోకి పోతే ఏమవుతుందో తెలియదా? తెలుసు. ప్రతి ఆదివారం మిషనెక్కి, అంకె దిగకపోతే తిట్టుకుంటూ దిగేదాన్ని. తిట్టుకోవడానికి ముందు ఒక్క క్షణం కడుపు చల్లబడేది. ఈ వారం కూడా నన్ను కోయరు అని. నాకు భయం. మత్తు ఇస్తే లేవనేమోనని భయం. ఇద్దరమూ ఒకే రోజు లోపలికి వెళ్తే బయట కుర్చీలో నిఖిల ఒక్కత్తే ఉంటుందని భయం. ఇది ఎవరితో చెప్పుకుంటాను? మొగుడికి కిడ్నీ ఇచ్చే ఇల్లాలిని, పూజల్లో అందరూ నా కాళ్లకు దండం పెడుతున్నారు.

సాయంత్రం డయాలసిస్ సెంటర్‌కు వెళ్లి ఆయన పక్కన స్టూలు మీద కూర్చున్నాను. మిషన్‌లో ఆయన రక్తం గొట్టంలోంచి ఎర్రగా తిరుగుతోంది. చెప్పేశాను, ప్రసాదం సంగతీ భయం సంగతీ. చెబుతూ గొట్టం వైపే చూశాను, ఆయన మొహం వైపు చూడలేక.

ఆయన దుప్పటి అంచు సవరించుకున్నారు. తర్వాత అన్నారు, "కాత్యా, నీ అంకె దిగలేదని చెప్పినప్పుడల్లా నాకు హాయిగా ఉండేది."

"ఏంటీ?"

"నిన్ను కొయ్యరు కదా అని. పొంగలి నా వంతు నీ ఆకులో పెట్టేటప్పుడు... తెలిసే పెట్టేవాణ్ణేమో. నాకూ లెక్కలొచ్చు కదా. రోజూ పొటాషియం లెక్క పెట్టేది నేనే."

నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. "మీకు బుద్ధుందా? మీరు పోతే నేనూ నిఖిలా ఏమవుతామనుకున్నారు?" అన్నాను. పక్క మంచం మీది మలయ్ పెద్దాయన కళ్లు తెరిచి చూశాడు. "నీకేమైనా అయితే?" అన్నారాయన. "నేనీ మిషన్‌తో బతికేస్తాలే. భయమైతే వద్దు. నిజంగా అంటున్నా."

"భయమే. అయినా ఇస్తాను" అన్నాను.

అలా బయటికి అనేసరికి తేలిపోయింది. మూడు నెలలుగా గుండెల మీద ఉన్నదేదో దిగిపోయింది. అది ఏ మిషన్ మీదా చూపించదు. ఆయన చెయ్యి చాచి నా చెయ్యి పట్టుకున్నారు. నాలుగు గంటలూ అలాగే కూర్చున్నాను.

మే 19, శనివారం

పన్నెండో శనివారం, పూజ మా ఇంట్లోనే. చలిమిడి కలపడానికి ఆంటీ పొద్దున్నే పిండి డబ్బాతో దిగారు. అంకుల్ సోఫాలో పేపరు పట్టుకుని కూర్చున్నారు. ఆంటీ కొంగు దోపుకుని బెల్లం తురుముతుంటే ఎదురుగా వెళ్లి నిలబడ్డాను. బ్యాంకులో డైరెక్టర్ల ముందు కూడా ఇంత భయపడలేదు.

"ఆంటీ, ఇవాళ్టి నుంచి నేను ప్రసాదం తినను."

ఆంటీ చెయ్యి ఆగింది. "తప్పు తల్లీ. అలా అనకూడదు. చెంపలేసుకో."

వేసుకున్నాను. వేసుకుని, చెప్పాను. మార్చి మూడు నుంచి అంకెలు చదివి వినిపించాను. జూలై ముప్పై గురించి, ఆ తేదీ పోతే ఏమవుతుందో కూడా చెప్పాను. నిఖిల ఎక్సెల్ షీటు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఆంటీకి ఇంగ్లిషు రాదు. కానీ మార్చి తర్వాత గీత అడ్డంగా పడుకోవడం ఆవిడకు తెలిసింది.

చేతిలో బెల్లం గడ్డతోనే కుర్చీలో కూలబడ్డారు. "అంటే ఏంటే? ఇన్నాళ్లూ నేనేనా నిన్ను ఆపింది? చక్రికి బాగవ్వాలని నేను నెయ్యి పోస్తుంటే, అది వాడికే అడ్డం పడిందా?"

"లేదాంటీ, తిన్నది నేను."

"పెట్టింది నేను." ఆవిడ కళ్లలో నీళ్లు తిరిగాయి. ముప్పై ఏళ్లుగా ఈ ఊళ్లో ఎవరి కష్టానికైనా గిన్నెతో వెళ్లిన మనిషి. నాకూ ఏడుపు ఆగలేదు.

అంకుల్ పేపరు మడిచారు. "భ్రమరా, నువ్వు స్వామికి మొక్కుకుందేంటి? ఇరవై ఒక్క శనివారాల పూజ. పొంగలి అని మొక్కుకున్నావా?"

ఆంటీ ఆలోచించారు. ముక్కు చీదుకున్నారు. "పొంగలి అనలేదు."

"మరింకేం? తులసాకు ప్రసాదం కాదా?"

"కానీ ఆంటీ, ఆ పడవ కథ..." అన్నాను. అన్నందుకు సిగ్గేసింది కానీ, అదే నన్ను లోపల్లోపల తినేస్తున్నది.

"ఆ కథ నాకు తెలియదా? ఆవిడ లెక్కచెయ్యక వదిలేసి పరిగెత్తింది. నువ్వు మొగుడి కోసమే కదే ఆగుతున్నావు. స్వామికి ఆ మాత్రం తేడా తెలియదా?" అని లేచి బెల్లం మళ్లీ డబ్బాలో పెట్టేశారు. "నువ్వు తులసాకు కళ్లకద్దుకుని నోట్లో వేసుకో. చక్రి వంతు వాడికే. ఆపరేషనయ్యాక వాడే తింటాడు. అప్పటిదాకా ఆగుతాడు స్వామి, ఆయనకేం తొందర."

సాయంత్రం నైవేద్యానికి తులసి తీర్థం, కీరదోస ముక్కలు. వచ్చినవాళ్లు మొహాలు చూసుకున్నారు. "ఇక మీదట ఎవరింట్లో అయినా ఇంతే" అని ఆంటీ ప్రకటించారు. దేవుడు కూడా మాతోపాటు డైటింగే.

మే 27, ఆదివారం. 80.9

ఎనభై! చివరన ఎంతున్నా ముందు ఎనభై. నిఖిల మిషన్ చుట్టూ డాన్సు చేసింది.

జూన్ 3, ఆదివారం. 80.2

నిన్న వసుంధరగారు మనసొప్పక చాటుగా రెండు లడ్డూలు చేశారు. అవి నా దాకా రాకుండా ఆంటీ నా పక్కనే పీట వేసుకుని కాపలా కూర్చున్నారు. ఆ రెండూ విశ్వనాథం అంకుల్ ఖాతాలో పడ్డాయి.

జూన్ 24, ఆదివారం. 78.4

తులసాకు ఘాటు అలవాటైంది. ఆకలి అలవాటు కాలేదు.

జూలై 15, ఆదివారం. 77.0

పోయిన వారమూ ఇదే. డైరీ మొదటి నుంచి చదివాను, వదిలేసినదేమైనా ఉందేమోనని. ఈసారి లేదు. ఆగడం ఒంటికి కూడా అవసరమేనని మిస్ టాన్ అంది. ఆ పిల్లను అనవసరంగా తిట్టుకున్నాను.

జూలై 22, ఆదివారం. 76.3

నిన్న ఇరవై ఒకటో శనివారం. మొక్కు తీరింది. ఆంటీ నా తల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ఉంచారు. ఇంకా మూడొందల గ్రాములు.

జూలై 30, సోమవారం. 75.8

ఆస్పత్రిలో తూకం. గాజులు, గొలుసు, గడియారం తీసి ఆంటీ చేతిలో పెట్టాను. మంగళసూత్రం కూడా తియ్యనా అంటే కళ్లెర్రజేశారు. దానితో సహా 75.8. నర్సు రాసుకుంటుంటే ఆంటీ, "సరిగ్గా చూడమ్మా, మళ్లీ కాదంటే మేమొప్పుకోం" అని తెలుగులో హెచ్చరించారు. ఆ నర్సు ఫిలిప్పీన్స్ అమ్మాయి, తల ఊపింది.

ఆగస్టు 3, శుక్రవారం

ఆస్పత్రి కమిటీ ముగ్గురు మనుషులు నన్ను ఒంటరిగా కూర్చోబెట్టి, ఎవరైనా బలవంతపెడుతున్నారా అని అడిగారు. బలవంతంగా నాకు పెట్టింది పొంగలి ఒక్కటే అన్నాను. వాళ్లకు అర్థం కాలేదు. భయంగా ఉందా అంటే, ఉందన్నాను. ఆ జవాబు నచ్చినట్టుంది, సంతకం పెట్టారు.

ఆగస్టు 21, మంగళవారం

రేపు. భయంగా ఉంది. రాసేశాను. నిఖిలతో పాటు ఆంటీ, అంకుల్ ఉంటారు.

ఆగస్టు 24, శుక్రవారం

నొప్పి. ఆయనకు మూత్రం వచ్చిందట. నర్సు సంచీలో ఎంతుందో అంకె కూడా చెప్పింది. ఏడ్చాను, నవ్వాను, రెండిటికీ కుట్లు లాగాయి.

ఆగస్టు 28, మంగళవారం

గోడ పట్టుకుని ఆయన గదికి నడిచి వెళ్లాను. మెడలో గొట్టం లేదు. మొహంలో ఆ మట్టి రంగు పోయింది. నన్ను చూసి, చేత్తో ఆగమన్నట్టు సైగ చేశారు. పెద్ద గ్లాసుడు నీళ్లు ఎత్తిపట్టి గటగటా తాగారు, గడ్డం మీద కారుతున్నా ఆపలేదు. రోజుకు మూడు లీటర్లు తాగమన్నారట. గ్లాసు కింద పెట్టి, "ఇంకోటి పొయ్యి" అన్నారు. కుట్లు లాగుతున్నా వంగి పోశాను.

అక్టోబరు 6, శనివారం

పొద్దున్నే ఆంటీ ఫోను. "డాక్టరేమన్నాడు?" రక్తపరీక్ష బాగుంది, అప్పటికప్పుడు వేడిగా చేసిందైతే కొంచెం తినొచ్చన్నాడు అని చెప్పాను. మధ్యాహ్నానికి మా వంటగదిలో ఉన్నారు, నెయ్యి సీసాతో, బెల్లంతో, తనే తుడిచి తెచ్చుకున్న మూకుడుతో. జీడిపప్పు వేగుతున్న వాసనకు నిఖిల గదిలోంచి బయటికొచ్చింది.

స్వామి ముందు గిన్నె పెట్టి, మూత తీసి, "ఇదిగో స్వామీ, ఆగావు కదా" అన్నారు ఆంటీ. హారతిచ్చారు. గిన్నె తెచ్చి ఆయన ముందు పెట్టారు. మార్చి నుంచి మే దాకా నేను తిన్న వంతు అది.

కళ్లకద్దుకున్నారు. ఈసారి నా వైపు జరపలేదు. మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని చాలాసేపు మింగలేదు. ఆంటీ పక్కకు తిరిగి కళ్లు తుడుచుకున్నారు. నేను తుడుచుకోలేదు, చూస్తూ కూర్చున్నాను. జీడిపప్పు ఏరుకుని ముందు తిన్నారు, చిన్నపిల్లాడిలా.

"ఒక్క చెంచా పెట్టండి, నోరూరుతోంది" అన్నాను.

"నా వంతు" అని గిన్నె అటు తిప్పుకున్నారు. అడుగున అంటినది కూడా వేలితో తుడిచి నాకేశారు. నాకు ఒక్క మెతుకు మిగల్చలేదు.